ఇద్దరినీ అడగండి

మా టైపింగు మాస్టరు దగ్గర దరఖాస్తు ఒకటే ఉండేది. మద్రాసు చింతాద్రిపేటలో కూవం ఏటి ఒడ్డుకు దగ్గరగా ఒక మిద్దె మీద ఆయన ఇన్‌స్టిట్యూటు. పిల్లలకు మిషను మీద వేళ్ళు కాస్త కుదరగానే ఆ దరఖాస్తును ఎక్కాల్లాగా వల్లె వేయించేవాడు. ‘తమ ఘనమైన కార్యాలయంలో ఒక ఉద్యోగం ఖాళీగా ఉన్నదని నమ్మకమైన మనుషుల ద్వారా తెలిసి, అమిత వినయంతో మనవి చేసుకుంటున్నాను’ అని ఇంగ్లీషులో మొదలయ్యేది. నడుమ ‘పెద్ద కుటుంబం నా మీదే ఆధారపడి ఉన్నది’ అని వచ్చేది. చివర ‘ఈ దయకు ప్రతిగా తమ దీర్ఘాయువు కోసం నిత్యమూ దేవుణ్ణి ప్రార్థిస్తాను’ అని ముగిసేది. రాసేవాడు పెళ్ళికాని ఒంటరివాడైనా సరే, పెద్ద కుటుంబం ఉండి తీరాల్సిందే. మద్రాసు మేనేజర్ల ఆయుష్షు కోసం ఆ రోజుల్లో అంతమంది నిరుద్యోగులు ప్రార్థిస్తామని మాట ఇచ్చారు. ఆ లెక్కన ఆ మేనేజర్లలో ఒక్కరూ పోయి ఉండకూడదు.

నేను ఎస్సెస్సెల్సీ పాసై అక్కడ చేరాను. వేలు జారకుండా ఆ ఉత్తరం కొట్టడం వస్తే చాలు, ఉద్యోగం గడప దగ్గర నిలబడి ఉంటుందని గట్టిగా నమ్మాను. కానీ మా ఇంట్లో ఆ ఉత్తరం అవసరం మొదట వచ్చింది నాకు కాదు, మా నాయనకు.

నాయన జార్జి టౌన్‌లో ఒక మిరపకాయల మండీలో గుమాస్తా. మీసాలు సరిగ్గా రాకముందే అందులో చేరాడు. ట్రాములున్నన్నాళ్ళూ ట్రాములో, అవి ఆగిపోయాక బస్సులో వెళ్ళి వచ్చేవాడు. సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే అమ్మా నేనూ తుమ్మేవాళ్ళం. చొక్కా విప్పి పెరట్లో దులిపితే పక్కింటివాళ్ళు కూడా తుమ్మేవాళ్ళు. మిరపకాయ ఘాటు లేని నాయనను నేను ఊహించుకోలేను. పండగరోజు తలంటి పోసుకొని వచ్చి కూర్చున్నా, పక్కకు చేరితే సన్నగా ఆ ఘాటు తగిలేది.

మండీ పెద్ద షావుకారు పోయిన తరువాత ఆయన కొడుకులిద్దరికీ పడలేదు. ఎవరి తప్పు ఎంతో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన కొత్తలో వీళ్ళూ విడిపోయారు. ఉన్న అంగడికి నడుమ గోడ లేచింది. తక్కెడలు, గోతాలు, బండ్లు, సరుకు పంపే ఊళ్ళు, చివరికి నీళ్ళకుండలు కూడా పంచుకున్నారు. పంచుకోవడానికి వీలులేకుండా మిగిలింది మా నాయన ఒక్కడే.

ఇద్దరూ రమ్మన్నారు. అదీ గొడవ. అన్నదమ్ముల్లో పెద్దాయన బండి పంపి పిలిపించి, నా పక్కన కూర్చో అన్నాడు. చిన్నాయన మా ఇంటికే వచ్చి, అరుగు మీద కూర్చొని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, అదే మాట చెప్పి పోయాడు. నాయన ఇద్దరికీ చేతులు జోడించాడు. రెండు అంగళ్ళకూ లెక్కలు రాసిపెడతానన్నాడు. అది కుదరదని ఇద్దరూ అన్నారు. ఆ ఒక్క విషయంలో వాళ్ళకు తేడా రాలేదు. దాంతో నాయన ఇంట్లో కూర్చున్నాడు.

అమ్మకు ఒళ్ళు మండింది. ఊళ్ళో డిగ్రీలు చదివినవాళ్ళే పని దొరక్క చెప్పులు అరగదీస్తుంటే, కాళ్ళ దగ్గరికి వచ్చిన పని కాదనే మనిషిని ఎక్కడా చూడలేదని వంటింట్లోంచే వినిపించేది. ఒకరోజు ఎదురుగా నిలబడి అడిగేసింది.

“ఎవురో ఒకరి దగ్గరికి పోతే మీకేం పోతుంది? సుమ్మా కూర్చుంటే ఇల్లు ఎట్ల గడస్తాది?”

“పెద్దబ్బాయి పక్కన కూర్చుంటే చిన్నబ్బాయి మొకం చూడలేను. చిన్నబ్బాయి పక్కన కూర్చుంటే పెద్దబ్బాయి మొకం చూడలేను. ఇద్దర్నీ ఎత్తుకోని తిరిగినోణ్ణి. నన్ను గూడా పంచుకుంటే ఎట్ల?” అన్నాడు నాయన.

అది నిజం. పెద్దాయన ఉయ్యాల్లో ఉన్నప్పుడు నాయన ఆ మండీలో చేరాడట. ఇద్దరినీ చేయి పట్టుకొని బడికి తీసుకుపోయింది ఆయనే, వాన వస్తే చిన్నాయనను భుజం మీద వేసుకొని తెచ్చింది ఆయనే. అమ్మకూ ఇది తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా కోపం వచ్చేది. పొయ్యి మీద ఎసరు పెట్టాల్సిన మనిషికి ఇలాంటి నిజాలతో ఏం పని?

అప్పుడే హార్బరు దగ్గర ఒక పెద్ద కంపెనీలో గోదాము గుమాస్తా కావాలని పేపర్లో పడింది. ఆ ముక్క చించి నేనే నాయనకు చూపించాను. దరఖాస్తు పంపుకోవాలి అని ఉంది. నాయన ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి, “ఎవురు పోయి చెప్పాల?” అన్నాడు.

జార్జి టౌన్ పద్ధతి అది. అక్కడ పనికోసం ఎవరూ కాగితం రాసుకోరు. వీధిలో నలుగురెరిగిన పెద్దమనిషి ఒకడు వెంటబెట్టుకొని వచ్చి, ‘మనవాడే’ అని ఒక్క మాట చెబుతాడు. అంతటితో సరి. తన గురించి తానే చెప్పుకునేవాణ్ణి ఎవరూ నమ్మరు. సొంత సరుకును తానే మెచ్చుకుంటే గోతాన్ని అడుగుదాకా కుమ్మరించి చూసే వీధి అది. అలాంటి చోట ముసలితనం దగ్గరికి వస్తున్న మనిషి, నేను ఫలానా పనిమంతుణ్ణి అని తన నోటితో ఎలా చెప్పుకుంటాడు? నాకు అప్పుడు ఇదంతా అర్థం కాలేదు. ఈయనకు బద్ధకం అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మాస్టరు దరఖాస్తును నాయనకు చదివి, తెలుగులో అర్థం చెప్పాను. చాలా గర్వంగా చెప్పాను. నాయన కళ్ళు మూసుకొని పూర్తిగా విన్నాడు.

“పెద్ద కుటుంబమా? మనం ముగ్గురమే గదా అమ్మీ” అన్నాడు.

అందరూ అలాగే రాస్తారని చెప్పాను. తల ఊపాడు. కాసేపటికి మళ్ళీ, ఆ మేనేజరు ఆయుష్షు కోసం తాను ఎందుకు ప్రార్థించాలని అడిగాడు. ఆయనెవరో తెలియదు, ఎలాంటివాడో తెలియదు. రోజూ ప్రార్థిస్తానని రాసి ప్రార్థించకపోతే అది మాట తప్పడం కాదా అన్నాడు. ఆ ఉత్తరం అన్ని వందలమంది కొట్టారు, ఒక్కరికీ ఈ అనుమానం రాలేదు. నాకు నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. అయితే నువ్వే చెప్పు, రాస్తాను అని కాగితం, పెన్సిలు పట్టుకొని కూర్చున్నాను.

నాయన చెప్పడం మొదలుపెట్టాడు. పెద్ద షావుకారు గుణగణాలు చెప్పాడు. ఆయన తండ్రి బందరు నుంచి పడవలో వచ్చి అంగడి పెట్టిన వైనం చెప్పాడు. గుంటూరు కాయ ఎర్రదనం, దాని తొడిమె అందం చెప్పాడు. కాగితం నిండింది. అందులో అంగడి ఉంది, షావుకార్లు ఉన్నారు, మిరపకాయలు ఉన్నాయి. మా నాయన లేడు.

“నువ్వేం చేసినావు నాయనా?” అన్నాను.

“నేనేం చేసినాను? అంగట్లో పని చేసినాను.”

ఎన్నిసార్లు తిప్పి అడిగినా అదే. చివరికి నాకు ఒక సంగతి గుర్తుకొచ్చింది. నేను బడికి పోయే రోజుల్లో ఒక వానాకాలం నాయన విషజ్వరంతో మంచం పట్టాడు. ఆ రోజుల్లో మండీ నుంచి పొద్దస్తమానం ఎవరో ఒకరు మా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాళ్ళు. అమ్మ చిరాకుపడి తలుపు వేసేస్తే కిటికీలోంచి అడిగేవాళ్ళు. వాళ్ళు అప్పుడు ఎందుకు వచ్చేవాళ్ళని నాయనను అడిగాను.

అది అడగ్గానే ఆయన ముఖం విప్పారింది. వాళ్ళు ఎందుకొచ్చారో చెప్పడమంటే తన గొప్ప చెప్పుకోవడం కాదు కదా, జరిగిన సంగతి చెప్పడమే. ఇష్టంగా చెప్పాడు. రైల్వే గూడ్సు షెడ్డులో సరుకు తడిసిందట. తడిసిన గోతాలకు రైల్వేవాళ్ళ దగ్గర పరిహారం రాబట్టాలంటే ఉత్తరం ఎలా రాయాలో ఎవరికీ తెలియక వచ్చారు. పెద్దబ్బాయి ఏదో మాట తూలితే బండ్లు లాగేవాళ్ళు అలిగి బండ్లు వదిలేసి పోయారు. వాళ్ళను ఎవరు పిలిస్తే వస్తారో అడగడానికి వచ్చారు. సేల్సు టాక్సు ఆఫీసుకు చూపించాల్సిన లెక్కలు ఎక్కడున్నాయో కనుక్కోవడానికి వచ్చారు. గుంటూరు నుంచి ఒక వ్యాపారి కోపంగా ఉత్తరం రాస్తే, ఆయనను చల్లార్చే జవాబు ఎలా ఉండాలని అడగడానికి చిన్నబ్బాయే వచ్చాడు. జ్వరంలో పడుకొనే ఆ జవాబు చెప్పి రాయించాడట నాయన.

“రైల్వే ఉత్తరాలన్నీ నువ్వే రాసేవాడివా?”

“ఇంకెవురు రాస్తారు?” అన్నాడు ఆశ్చర్యంగా.

నేను పెన్సిలు ఆపకుండా రాశాను. ‘తడిసిన, తక్కువైన సరుకు విషయంలో రైల్వేవారితో ఉత్తర ప్రత్యుత్తరాలు నేనే నడిపాను. అంగడి అమ్మకపు పన్ను లెక్కలన్నీ నేనే చూశాను. బండ్లు లాగేవాళ్ళతో తగవు వస్తే నేనే సర్దాను.’ చదివి వినిపిస్తే నాయన సిగ్గుపడ్డాడు. పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు తల వంచుకొని, అబద్ధమైతే ఒక్కటీ లేదులే అన్నాడు. దరఖాస్తు రాయడమంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆ మధ్యాహ్నమే. నీ గొప్ప ఏమిటి అని అడిగితే మంచివాడు నోరు విప్పడు. నువ్వు లేని రోజు ఏం ఆగిపోయింది అని అడగాలి.

తరువాతి రోజు దాన్ని మాస్టరుకు చూపించాను. ఆయనకు నచ్చలేదు. వినయం చాలలేదన్నాడు. అయినా ఇంగ్లీషులోకి పెట్టడానికి సాయం చేసి, పాత యజమాని ఇచ్చిన సర్టిఫికెట్టును దాని కింద పిన్ను చేయమన్నాడు. అది లేకపోతే దరఖాస్తు నేరుగా చెత్తబుట్టలోకే పోతుందన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే నాయన ముఖం వాడిపోయింది. సర్టిఫికెట్టు ఎవరి దగ్గర తీసుకోవాలి? పెద్దాయన దగ్గర తీసుకుంటే ఆయనే అసలు యజమాని అని ఒప్పుకున్నట్టు. చిన్నాయన దగ్గరైనా అంతే. ఇద్దరి దగ్గరా తీసుకుందామంటే, రెండోవాడి కాగితం పక్కన తన కాగితం పెట్టడానికి ఇద్దరూ ఒప్పుకోరు. పైగా అప్పటికే వాళ్ళిద్దరికీ నాయన మీద కోపం ముదిరింది. పెద్దాయన వీధిలో ఎదురైతే తల తిప్పుకొని పోయాడని, చిన్నాయన ఎవరితోనో ‘ముసలాయనకు పొగరు’ అన్నాడని మాకు తెలిసింది.

నాయన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. తరువాత, ఇంకో నాలుగు మాటలు రాసుకో అమ్మీ అన్నాడు. మొట్టమొదటిసారి తడుముకోకుండా చెప్పాడు. ‘నా దగ్గర యోగ్యతాపత్రం లేదు. నేను పనిచేసిన అంగడి ఇప్పుడు రెండు అంగళ్ళయింది. ఇద్దరు యజమానులూ అదే వీధిలో ఉన్నారు. నా గురించి ఇద్దరినీ అడగండి.’

నాకు కంగారు పుట్టింది. రెండు చోట్లా కోపం పెట్టుకొని, పోయి వాళ్ళనే అడగమని ఎవరైనా రాస్తారా అన్నాను. ఎవరో ఒకరిని అడగండి అని రాద్దామన్నాను. అలా రాస్తే ఒకరిని అడిగి ఊరుకుంటారు, రెండోవాణ్ణి లెక్కలోకి తీసుకోనట్టు అవుతుంది అన్నాడు. పోనీ ఇద్దరి పేర్లూ రాస్తానని పెద్దాయన పేరు ముందు పెట్టాను. చిన్నబ్బాయి చూస్తే నొచ్చుకుంటాడన్నాడు. తిరగేశాను. పెద్దవాణ్ణి పెట్టుకొని చిన్నవాడి పేరు ముందా అన్నాడు. ఆఖరికి పేర్లు రెండూ తీసేసి, వీధి పేరు, పెద్ద షావుకారు నాటి అంగడి పేరు మాత్రం పెట్టాం.

అమ్మ వింటూనే ఉంది. కొంప ముంచుకోవడానికి కూడా ఇంత నిక్కచ్చిగా కూర్చొని రాయాలా అన్నది.

“కోపంగా ఉండారు. ఆమా, నిజమే, ఉండారు. అయినా నా మీద అబద్ధం చెప్పరు. నా చేతుల్లో పెరిగిన పిల్లకాయలు” అన్నాడు నాయన.

నేను దరఖాస్తు కొట్టి తెచ్చాక, అమ్మ పసుపు వేలితో దాని నాలుగు మూలలా బొట్లు పెట్టబోయింది. శుభకార్యం ఉత్తరం కాదని నేను లాక్కున్నాను. కవరు అంటించేటప్పుడు చూస్తే లోపల పసుపు మరక కనిపించింది. ఎప్పుడు పెట్టిందో తెలియదు, నేను చూడనట్టే అంటించేశాను.

చాలా రోజులకు పిలుపు వచ్చింది. నాయన ఉతికిన పంచె కట్టుకొని, పాత కోటు వేసుకొని వెళ్ళాడు. మేనేజరు అరవాయన, నెమ్మదిగా మాట్లాడాడట. రైల్వే ఉత్తరాల సంగతి తిప్పి తిప్పి అడిగాడట. చివరికి దరఖాస్తులోని ఆ నాలుగు మాటలూ వేలితో చూపించి, నిజంగానే ఇద్దరినీ అడగమంటావా అన్నాడట. నాయన అవునన్నాడు. సరే, విచారించి కబురు పెడతామన్నారు.

ఆ తరువాతి రోజుల్లో నాయన ఇంట్లో కూర్చునే తీరు మారింది. గుమ్మంలో నీడ పడితే తల ఎత్తేవాడు. అమ్మ దెప్పడం మానేసింది. ఆమె దెప్పకపోవడమే నాకు ఎక్కువ భయం వేసింది. బియ్యం డబ్బాలో కొలత వేసేటప్పుడు డబ్బా అడుగుకు గిన్నె గీసుకున్న చప్పుడు వినిపించేది. ముగ్గురం ఆ చప్పుడు విననట్టు ఉండేవాళ్ళం.

ఒక సాయంత్రం నేను ఇన్‌స్టిట్యూటు నుంచి వచ్చేసరికి నాయన అరుగు మీద ఒక్కడే ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. అప్పటికి ఆయన చొక్కాలో మిరపకాయ ఘాటు పూర్తిగా పోయింది. ఉతికిన బట్ట వాసన తప్ప ఏమీ లేదు. ఎవరో పరాయివాళ్ళ పక్కన కూర్చున్నట్టు అనిపించి ఏడుపొచ్చింది.

“ఆ మాట తీసేసి ఉంటే బాగుండేదేమో అమ్మీ” అన్నాడు.

అలా రాయవద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నది నేనే. అయినా ఆ క్షణంలో నాకు రోషం వచ్చింది. ఆ ఉత్తరంలో నీ నోటి నుంచి తడుముకోకుండా వచ్చిన మాట అదొక్కటే నాయనా, దాన్ని తీసేస్తే ఇంకేం మిగిలేది అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. నేను చెప్పింది ఆయనకు ధైర్యం ఇచ్చిందని అనుకోను.

కొన్నాళ్ళకు కంపెనీ నుంచి మళ్ళీ పిలిచారు. పొద్దున వెళ్ళినవాడు ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగొచ్చాడు. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కొని, లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్మ నా వైపు చూసి, ఏమీ అడగవద్దని సైగ చేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. సగం తాగి చెంబు కింద పెట్టాడు.

“కంపెనీ మనిషి ముందు పెద్దబ్బాయి దగ్గరికి పోయినాడంట” అని మొదలుపెట్టాడు.

పెద్దాయన మొదట, ఆ మనిషి సంగతి నా దగ్గర ఎత్తవద్దు అన్నాడట. వచ్చినవాడు లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనక్కి పిలిచాడట. మేమిద్దరం తక్కెడ దగ్గర నుంచి కుండ దాకా అన్నింటికీ కొట్లాడుకున్నాం, ఆయన రాసిన లెక్క మీద మాత్రం ఎవరమూ వేలు పెట్టలేదు, అట్లాంటి మనిషిని నిలుపుకోవడం మాకు చేతకాలేదు, మీరన్నా నిలుపుకోండి అన్నాడట.

ఆ మనిషి గోడకు అవతల ఉన్న అంగట్లోకి వెళ్ళాడు. చిన్నాయన విని, మా అన్న ఏమన్నాడని అడిగాడట. కంపెనీ మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పాడట. చిన్నాయన గల్లాపెట్టె మూసి దాని మీద చెయ్యి పెట్టాడట.

“మా అన్న చెప్పిందే నాది గూడా, అదే రాసుకోండి అన్నాడంట” అన్నాడు నాయన.

అనేసి భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడిచాడు. నేను పుట్టి బుద్ధెరిగాక మా నాయన ఏడవడం అదే చూడటం. అమ్మ ఆయన ఎదురుగా చతికిలబడి, చెంబు పక్కకు జరిపి, ఏడవనిచ్చింది. పెద్దబ్బాయి మాటను చిన్నబ్బాయి ఒప్పుకున్నాడని, గోడ లేచిన తరువాత ఇదే మొదలని, తువ్వాల్లోంచే రెండు మూడుసార్లు చెప్పాడు. మేము ఊఁ కొట్టాం.

ఆయన కళ్ళు తుడుచుకొన్నాక అమ్మ మెల్లగా అడిగింది.

“అది సరే. పని?”

నాయన ఆ సంగతి అప్పుడే గుర్తుకొచ్చినట్టు ఆమె వైపు చూశాడు.

“అదీ ఇచ్చినారు” అన్నాడు.